క్లచ్చక్క ఇల్లుబండి

ఆ ఊళ్ళో కారు నడపడం వచ్చినవాళ్ళలో సగం మంది ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే. ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రైవింగ్ నేర్పింది. పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేది డాక్టరా ప్లీడరా అని కూడా చూడకుండా, "క్లచ్! క్లచ్! కాలు అలా ఒక్కసారిగా తీసేస్తే బండి గెంతదూ మరి?" అని వీధి వీధంతా వినబడేలా అరిచేది. దాంతో అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయి, చిన్నా పెద్దా అందరికీ ఆమె క్లచ్చక్క అయిపోయింది. కొత్త పోస్ట్‌మ్యాన్ వస్తే, కవరు మీది పేరు గల మనిషి ఎవరో చెప్పడానికి వీధిలో వాళ్ళు రెండు నిమిషాలు ఆలోచించాల్సి వచ్చేది.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడంటే పిడుగు పడ్డా తల ఎత్తడు. ఆయనకి సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు. పెళ్ళైన కొత్తలో "నేను నేర్పుతాను రండి" అని ఆమె అంటే, "మన కాపురం నిలబడాలా వద్దా?" అని అడిగి తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

అరవై నిండగానే క్లచ్చక్క డ్రైవింగ్ స్కూల్ మూసేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆమె తిరిగింది ఆ నాలుగు వీధులూ, ఆ ఒక్క మైదానం, లైసెన్సు ఆఫీసు వెనక ఉన్న ఆ చిన్న ఎత్తూ. అదీ ఎడమవైపు సీట్లో కూర్చుని, ఇంకొకరి చేతిలో ప్రాణం పెట్టి. ఇక మీదట స్టీరింగ్ తన చేతిలో ఉండాలి, రోడ్డు ఎటు పోతే అటు పోవాలి, చీకటి పడ్డచోట ఆగి పడుకోవాలి. దానికి తగ్గ బండి క్యాంపర్ వ్యానే. లోపలే మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి, మడతపెట్టే బల్ల, అన్నీ ఉంటాయి. ఇంట్లో వాళ్ళిద్దరూ దాన్ని ఇల్లుబండి అనుకునేవాళ్ళు. కొత్తది అడిగితే ధర విని నోరు ఎండిపోయింది. సరే, సెకండ్ హ్యాండ్‌ది చూద్దామనుకున్నారు.

ఊరి చివర బైపాస్ రోడ్డు పక్కన పాతబండ్ల యార్డు ఒకటి ఉంది. యజమానికి మాటకి ముందోసారి, వెనకోసారి "గ్యారంటీ" అనడం అలవాటు. జనం కూడా ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. మనిషి మాత్రం తెల్లచొక్కా మీద మడత నలగకుండా, తేనె పూసిన నోటితో ఉండేవాడు.

"రండి సార్, రండి! సార్‌కి కుర్చీ వెయ్యండి," అన్నాడు గడియారాలాయనని చూసి.

యార్డు మధ్యలో తెల్ల వ్యాను ఒకటి మెరిసిపోతూ నిలబడి ఉంది. గ్యారంటీ దాని బానెట్ ఎత్తాడు. "ఇంజిన్ చూడండి సార్. మీలాంటి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చూస్తే మీకే తెలిసిపోతుంది."

గడియారాలాయన ఇంజిన్ వంక చూశాడు. అందులో ఆయనకి తెలిసిన భాగం ఒక్కటీ లేదు. "ఆవిడతో చెప్పండి. బండి ఆవిడకే," అన్నాడు.

గ్యారంటీ ఆమె వైపు తిరిగి, చిన్నపిల్లకి బొమ్మ చూపించినట్టు నవ్వాడు. "అమ్మా, మీరు లోపలికెళ్ళి కర్టెన్లు చూసుకోండి. గోడ పలకలు కూడా కొత్తవి వేయించాం, లేత నీలం రంగు. ఆడవాళ్ళకి తప్పకుండా నచ్చుతుంది, గ్యారంటీ. ఈలోగా నేనూ సారూ బండి సంగతి మాట్లాడుకుంటాం."

క్లచ్చక్కకి ఒళ్ళు మండింది. అయినా పళ్ళ బిగువున ఆపుకుని, "తాళం ఇలా ఇవ్వండి," అంది. ఆయన తాళం తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టాడు. భర్త దాన్ని ఆమె చేతికిచ్చాడు.

ఆ మంటలోనే ఆమె ఒక పొరపాటు చేసింది. తనకేం తెలుసో వీడికి చూపించాలన్న పంతం పట్టుకుంది. యార్డులో అట్టముక్క ఒకటి దొరికితే పరుచుకుని, టార్చి తీసుకుని బండి కిందకి దూరింది. ఆయిల్ కారుతోందా, ఇనుము తుప్పు పట్టిందా అని చూసింది. టైర్ల అరుగుదల వేలితో తడిమింది. బైపాస్ మీదికి తీసుకెళ్ళి, ఎత్తు ఎక్కించి, మధ్యలో ఆపి, వెనక్కి ఒక్క అంగుళం జారకుండా మళ్ళీ కదిలించింది. వెనక సీట్లో కూర్చున్న గ్యారంటీ రెండు చేతులతోనూ కడ్డీ పట్టుకున్నాడు. దిగాక ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంజిన్, బ్రేకులు, గేర్లు, అన్నీ నిజంగానే బాగున్నాయి. ఆమెకి తృప్తి కలిగింది.

ఇల్లు మాత్రం చూడలేదు. కర్టెన్లు చూసుకోమన్నాడన్న కోపంతో లోపలికి తొంగి చూసి వచ్చేసింది తప్ప, ఒక్క గోడ మీద కూడా చెయ్యి వేసి చూడలేదు. ఆ తర్వాత చాలా రోజులు అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి తన మీద తనకే కోపం వచ్చేది.

బండి కొని ఇంటి ముందు పెట్టిన పది రోజులకి వాన మొదలైంది. మూడు రోజులు వదలకుండా పట్టింది. నాలుగో రోజు తలుపు తీస్తే లోపల నుంచి తడి గోనెసంచి వాసన గుప్పుమంది. నేల మీద నీళ్ళు లేవు. కప్పు మీద మచ్చ లేదు. క్లచ్చక్క అంతా వెతికింది, ఎక్కడా తడి దొరకలేదు. దొరికిందల్లా ఆ వాసనే.

భర్త లోపలికొచ్చి, గోడలన్నీ ఒకసారి కలయజూశాడు. తర్వాత భూతద్దం కంటికి పెట్టుకుని ఎడమ గోడ దగ్గర వంగాడు.

"ఈ స్క్రూలు చూశావా?" అన్నాడు.

"స్క్రూలకేమైంది?"

"కిటికీ దగ్గరున్నవి పాతవి. ఈ పలక చుట్టూ ఉన్నవన్నీ కొత్తవి. ఈ ఒక్క గోడకే ఇన్ని స్క్రూలు ఎందుకు పెట్టినట్టు?"

షాపు నుంచి సన్న స్క్రూడ్రైవర్ తెచ్చాడు. గడియారం వెనక మూత తీసినంత జాగ్రత్తగా ఒక్కొక్కటీ విప్పాడు. లేత నీలం పలక ఊడి చేతికొచ్చింది. దాని వెనక ఉండాల్సిన చెక్క నానిన బిస్కట్‌లా ఉంది. నల్లగా బూజు. క్లచ్చక్క వేలు పెడితే వేలు లోపలికి దిగిపోయింది. పైన కిటికీ అతుకులోంచి నీళ్ళు కారి కారి, ఎన్నేళ్ళుగానో లోపల్లోపలే కుళ్ళిపోయిందా గోడ. పైన పటారం, లోన లొటారం!

"ఇటు చూడు," అన్నాడు భర్త. ఊడిన పలకని వెనక్కి తిప్పి పట్టుకున్నాడు. దాని మీద వడ్రంగి పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు: "ఎడమ గోడ మెత్తబడింది. మొత్తం మార్చాలి." ఆ మాటల మీద అడ్డంగా గీత కొట్టి, కింద ఇంకో చేతిరాతతో ఒకే ఒక్క మాట ఉంది: "మూసెయ్యండి."

క్లచ్చక్క ఆ మాట మూడుసార్లు చదివింది. చూడక అమ్మాడంటే వేరు సంగతి. చూశాడు, చెప్పించుకున్నాడు, రాయించుకున్నాడు, ఆపైన నీలం రంగు వేయించి, ఆడవాళ్ళకి నచ్చుతుందని చెప్పి అమ్మాడు! అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పటికప్పుడు ఆ పలకని బండిలో వేసుకుని ఇద్దరూ యార్డుకి వెళ్ళారు. గ్యారంటీ పలక వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, చివరికి భర్త వంక చూశాడు.

"సార్, మీరు చదువుకున్నవాళ్ళు. అంతా చూసుకునే కదా సంతకం పెట్టారు?"

"సంతకం పెట్టింది నేను," అంది క్లచ్చక్క. "ఇక్కడ 'మూసెయ్యండి' అని రాసింది ఎవరు?"

"సార్, ఇది పాత బండి. పాత బండిలో పాత చెక్కే కదా ఉంటుంది. అమ్మగారు కాస్త ఆవేశంలో ఉన్నట్టున్నారు. ఇంటికి తీసుకెళ్ళి మంచినీళ్ళు ఇవ్వండి."

ఆమె జీవితంలో ఎంతోమంది అమాయకంగా ఎర్ర దీపం దాటేసి, తర్వాత ఇలాగే ఆకాశం వంక చూశారు. వాళ్ళెవరినీ ఆమె అంత తేలిగ్గా వదల్లేదు. కానీ వాళ్ళ పక్కన ఆమె కాలి కింద ఇంకో బ్రేకు ఉండేది. ఇక్కడ లేదు.

మర్నాడు బండ్ల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమస్తా కాగితాలన్నీ తిప్పి, "ఇంజిన్ బాగుందా?" అన్నాడు. బాగుంది. "బ్రేకులు?" బాగున్నాయి. "మరి బండికి దోషం ఎక్కడుందమ్మా? గోడలంటే ఇళ్ళ ఆఫీసుకి వెళ్ళాలి." ఇళ్ళ ఆఫీసులో ఉన్నావిడ కళ్ళజోడు సవరించుకుని, "దీనికి చక్రాలున్నాయా?" అంది. ఉన్నాయి. "చక్రాలున్నది ఇల్లెలా అవుతుంది? బండ్ల ఆఫీసుకి వెళ్ళండి."

"నేను అక్కడ నుంచే వస్తున్నాను!"

"అయితే మళ్ళీ వెళ్ళండి."

చివరికి కొనుగోలుదారుల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు ఒకటుందని తెలిసి అక్కడ కాగితం రాసిచ్చింది. తీసుకున్నారు, నంబరు వేశారు. విచారణకి పద్నాలుగు నెలలు పడుతుందన్నారు. "పద్నాలుగు నెలలకి ఆ గోడలో పుట్టగొడుగులు మొలుస్తాయండీ," అంది. కిటికీ వెనక మనిషి పాపం మంచివాడు. "నిజమేనమ్మా," అని తల ఊపి, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆమె టీ కూడా తాగలేదు. బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"ఇల్లుబండి కొన్నాం కదా. అందులో ఉండడానికి."

బైపాస్ పక్కన యార్డు గేటుకి ఎడమవైపు, రోడ్డు వారన బండ్లు ఆపుకోవడానికి తెల్లగీతలు ఉన్నాయి. ఎవరైనా ఆపుకోవచ్చు. క్లచ్చక్క తన వ్యానుని ఆ గీతల మధ్య నిలబెట్టి, పక్క తలుపు బార్లా తీసి, మెట్టు దించి, పొయ్యి మీద టీ పెట్టింది. ఊడదీసిన గోడ తలుపుకి ఎదురుగా ఉంది. పెన్సిల్ రాత ఉన్న పలకని దాని పక్కనే నిలబెట్టింది. బోర్డు పెట్టలేదు, కేకలు వేయలేదు, ఎవరినీ పిలవలేదు. భర్త తన పనిసరంజామా తెచ్చుకుని మడతబల్ల మీద ఒక గోడగడియారం విప్పుకుని కూర్చున్నాడు. బండి కొనడానికి వచ్చేవాళ్ళు ఆ తలుపు ముందు నుంచే గేటులోకి వెళ్ళాలి. వెళ్తూ వెళ్తూ తొంగి చూసేవాళ్ళు. ఎవరైనా అడిగితే చెప్పేది. అడగకపోతే టీ ఇచ్చేది.

రెండో రోజు గ్యారంటీ పోలీసులకి ఫోన్ చేశాడు. మోటార్ సైకిల్ మీద ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు వచ్చింది. హెల్మెట్ తీసి చూసి, "అక్కా, మీరా!" అంది. పన్నెండేళ్ళ కిందట క్లచ్చక్క దగ్గర రెండుసార్లు ఏడ్చి డ్రైవింగ్ నేర్చుకున్న అమ్మాయి.

"నేనేనమ్మా. నీ పని నువ్వు చెయ్యి. తప్పుంటే రాసెయ్యి."

ఇన్‌స్పెక్టరు టేపు తీసి గీత నుంచి టైరు దాకా కొలిచింది, గేటు దాకా కొలిచింది. గ్యారంటీ పక్కనే నిలబడి, "దారికి అడ్డం మేడమ్, వ్యాపారానికి అడ్డం," అంటున్నాడు.

"దారికి అడ్డం లేదండీ. ఉండాల్సిన దానికన్నా జానెడు ఎక్కువే వదిలారు," అంది ఇన్‌స్పెక్టరు. "వ్యాపారానికి అడ్డమంటారా, అది నా టేపుతో కొలిచేది కాదు." వెళ్ళబోతూ క్లచ్చక్కతో గొంతు తగ్గించి, "ఒకేచోట ఇరవై నాలుగు గంటలు దాటి ఉండకూడదక్కా. రోజుకోసారి కదిలించండి," అంది.

అప్పటి నుంచీ రోజూ పొద్దున్న ఎనిమిదింటికి క్లచ్చక్క బండి తీసి, వీధి చుట్టూ ఒక చుట్టు తిప్పి, మళ్ళీ అదే గీతల మధ్యకి వెనక్కి తిప్పి ఒక్క దెబ్బలో పెట్టేది. మూడో రోజుకి అది చూడటానికి ఎదురుగా ఉన్న టైర్ల షాపు వాళ్ళు బయటికొచ్చి నిలబడటం మొదలుపెట్టారు. పాత శిష్యులు ఒకరిద్దరు టిఫిన్ డబ్బాలు తెచ్చారు. ఇదంతా చెప్పుకోవడానికి సరదాగా ఉంటుంది కానీ, ఆమెకి సరదాగా ఏమీ లేదు. ఎండకి బండి పెనంలా కాలేది. లారీలు పోతుంటే గిన్నెలు కదిలేవి. ఆ కుళ్ళు వాసన బట్టలకి పట్టి వదిలేది కాదు. అరవై ఏళ్ళు వచ్చాక తన సొమ్ము పెట్టి కొన్న దానికోసం తను రోడ్డు మీద కూర్చోవాలి, అమ్మినవాడు మాత్రం ఏసీ గదిలో! ఇదేం న్యాయం?

ఐదో రోజు సాయంత్రం యార్డులోంచి ముసలి వడ్రంగి ఒకాయన బయటికొచ్చి, తలుపు దగ్గర ఆగి, పలక వంక చూశాడు.

"ఆ పై మాట నేను రాసిందేనమ్మా," అన్నాడు. "మార్చాలని చెప్పాను. కింది మాట ఆయనది. నేను పలక కొట్టి మూసేశాను. నా పిల్లలు తినాలి కదా."

క్లచ్చక్కకి ఆయన మీద కూడా కోపం వచ్చింది, కానీ అది ఆయన మీద నిలవలేదు. టీ ఇచ్చింది. ఆయన నిలబడే తాగి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజు ఒక నర్సమ్మ, ఆవిడ భర్త వచ్చారు. యార్డులో ఇంకో వ్యాను బేరం అయిపోయింది, డబ్బు కట్టడమే తరువాయి. నర్సమ్మ ఆ నల్లటి గోడని చూసి, పుండుని చూసినట్టు దగ్గరికి వంగి, వేలితో నొక్కింది. "ఇది బయటికి కనబడదన్నమాట," అంది. సరాసరి లోపలికెళ్ళి, తాము కొనబోయే బండి పలక కూడా విప్పి చూపించమంది. గ్యారంటీ కుదరదన్నాడు. "విప్పనివ్వకపోతే నాకు అక్కర్లేదు," అని ఆవిడ చక్కా వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే వచ్చినవాళ్ళూ అదే అడిగారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గ్యారంటీ తనే గేటు దాటి వచ్చాడు. చొక్కా మడత నలిగి ఉంది. మెట్టు మీద కూర్చుని గడియారం ముల్లు బిగిస్తున్న భర్త దగ్గరికెళ్ళి, "సార్, మీరైనా ఆవిడకి నచ్చజెప్పండి. మీ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను. బండి నాకు వదిలెయ్యండి," అన్నాడు.

భర్త భూతద్దం తీయలేదు. "బండి ఆవిడ పేరు మీద ఉంది. కోపం కూడా ఆవిడదే. నాకు రెంటిలోనూ వాటా లేదు," అన్నాడు.

గ్యారంటీ లోపలికి వెళ్ళి డబ్బు తెస్తానన్నాడు. ఆయన వెళ్ళగానే భర్త గొంతు తగ్గించి, "తీసేసుకుందామే. నాకు నడుం పట్టేసింది. ఆ వాసనకి నిద్ర పట్టడం లేదు," అన్నాడు. అదీ నిజమే. ఆమెకీ పట్టడం లేదు. సరే అనబోయింది. అంతలో ఒక ఆలోచన వచ్చి, గేటు దగ్గర చెక్కలు దించుతున్న వడ్రంగిని కేకేసింది.

"ఈ బండి వెనక్కిచ్చేస్తే దీన్నేం చేస్తారు?"

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "ఏముందమ్మా. ఇంకో పలక కొట్టమంటారు."

ఇంకో పలక. ఈసారి లేత ఆకుపచ్చేమో. ఇంకెవరో వచ్చి కొంటారు. ఆ నర్సమ్మ లాంటివాళ్ళే కొంటారు. తను మళ్ళీ ఎప్పుడో ఏ రోడ్డు పక్కనో దాన్ని చూసి మొహం తిప్పుకుని పోవాలి. క్లచ్చక్కకి తొమ్మిది రోజుల కోపం ఒక ఎత్తు, అప్పుడు వచ్చిన కోపం ఒక ఎత్తు.

గ్యారంటీ కవరు తెచ్చాడు. ఆమె ముట్టుకోలేదు.

"నాకు డబ్బు వద్దు. గోడ కావాలి," అంది. "ఈయన రాసినట్టు, మొత్తం మార్చాలి. మంచి చెక్కతో, మీ ఖర్చుతో, మీ యార్డులో, నా కళ్ళ ముందు. పైన కిటికీ అతుకుతో సహా. అప్పటిదాకా నేనూ ఈ తలుపూ ఇక్కడే ఉంటాం."

"అమ్మా, పొరపాటు జరిగిపోయింది..."

"పొరపాటయితే తెలియక చేసేది. 'మూసెయ్యండి' అని రాసింది మీరు. అది మీ చేతిరాతా, కాదా?"

ఎదురుగా టైర్ల షాపు వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. గేటు దగ్గర ఒక కారు ఆగింది, అందులోంచి కొత్త బేరం ఒకటి దిగబోతోంది. గ్యారంటీ ఆ కారు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "లోపలికి తీసుకురండి," అన్నాడు.

పని పదకొండు రోజులు పట్టింది. ముసలి వడ్రంగి కుళ్ళిన చెక్కంతా పారతో తవ్వినట్టు తీసి పోశాడు. పక్క గోడ మూల కూడా మెత్తబడిందని తేలితే అదీ తీశాడు. క్లచ్చక్క రోజూ కుర్చీ వేసుకుని కూర్చుంది. కొత్త చెక్క బిగించాక మూడు గంటలు పైపుతో నీళ్ళు కొట్టించి, లోపల పొడిగుడ్డతో ప్రతి మూలా తుడిచి చూసుకుంది. చివరి రోజు వడ్రంగి పలక బిగించేముందు, "చూసుకుంటారా?" అని అడిగాడు. ఆమె చూసుకుంది. ఆయన పని నిజంగా బాగుంది. ఆ మాట ఆయనతో అంది కూడా. ముసలాయన తల వంచుకుని స్క్రూలు ఏరుకున్నాడు.

తాళం ఇచ్చేటప్పుడు ఆమె గ్యారంటీని అడిగింది. "ఇంకొకటి బాకీ ఉంది. తప్పయిందని ఒక్క మాట."

గ్యారంటీ గొంతు సవరించుకున్నాడు. గడియారాలాయన వైపు తిరిగాడు. "తప్పయిపోయింది సార్," అన్నాడు.

"ఆ మాట ఇటు తిరిగి చెప్పండి," అంది క్లచ్చక్క.

ఆయన ఎవరో పిలిచినట్టు ఆఫీసు వైపు చూసి, గబగబా లోపలికెళ్ళిపోయాడు.

ఆ వారమే వాళ్ళు బయల్దేరారు. మొదట కొండల వైపు, మూడు నెలల తర్వాత కిందికి దిగి ఒక పెద్ద చెరువు గట్టు దాకా. బండి హాయిగా నడిచింది. దారిలో ఒకరోజు రాత్రంతా వాన పడితే, పొద్దున్నే ఆమె లేచి గోడలు తడిమింది. పొడిగా ఉన్నాయి.

ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. "గోడ వచ్చేసింది కదా, ఇంకెందుకు?" అన్నాడు భర్త.

"మన గోడ వచ్చింది. ఆ యార్డులో ఇంకా ఎన్ని బండ్లున్నాయి?"

విచారణ తేదీ కాగితం డ్రైవర్ సీటు ముందు అంటించి ఉంది. ఇంకా పది నెలలుంది. చెరువు గట్టు మీద సాయంత్రం కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు ఆమె ఆ రోజు అధికారి ముందు చెప్పాల్సింది ఒక్కోసారి పైకే చెప్పుకుంటుంది. భర్త వింటాడు. "మధ్యలో ఆ ఇళ్ళ ఆఫీసావిడ మాట వదిలేశావు," అని గుర్తు చేస్తాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.